పిండం పట్టే వేళ

నేను కారు ఇంజను ఆపకముందే పొమా దిగిపోయింది. నడవ దాటి, స్నానాలగదిలో మేకుకు వేలాడే ఎర్ర రబ్బరు బుడ్డిని లాక్కొచ్చి, పెరడు మధ్యకు విసిరింది. అది సిమెంటు నేల మీద రెండుసార్లు ఎగిరి, అరటికాయల తొక్క తీస్తున్న అమ్మ కాళ్ళ దగ్గర ఆగింది.

అమ్మ తల ఎత్తలేదు. చేతిలో కాయ తొక్క పూర్తిగా తీసింది. నీళ్ళ గిన్నెలో వేసింది. అప్పుడు చూసింది.

"కడిగి ఆరబెట్టాను. మళ్ళీ మట్టి చేశావు," అంది.

"ఎందుకు చేశావమ్మా?"

"ఏం చేశాను?"

పొమా వెనక్కి జరిగింది. గోడకు ఆనుకుని నిలబడింది. ఆస్పత్రిలో సూది గుచ్చిన చోట చెయ్యి పెట్టుకుని, బరువంతా ఒంటికాలి మీద వేసి. నా చెల్లెలికి నలభై మూడేళ్ళు. ఆ నిలబడడం చూస్తే ఏడో తరగతి పిల్ల బెత్తం దెబ్బ తిని వచ్చినట్టుంది.

ఆ బుడ్డి సంగతి మా ఊరు కుమాసిలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అల్లం, మిరియాలు కాచి వడగట్టిన నీళ్ళు అందులో నింపి, పిల్లల్ని మోకాళ్ళ మీద బోర్లా వేసుకుని వెనకనుంచి ఎక్కిస్తారు. జ్వరానికి అదే, నడుంనొప్పికి అదే. కడుపు పండనందుకూ అదే, చదువు ఎక్కనందుకూ అదే. నాకు చదువు దానితో కూడా ఎక్కలేదు. పన్నెండేళ్ళకే సువామె మెకానిక్ షెడ్లలో గేరుబాక్సుల కింద దూరాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఆ పొద్దున ఆస్పత్రిలో రక్తపరీక్ష చూసిన నర్సు, నెత్తురులో మందు చాలా తక్కువగా ఉంది, మానేశారా అని అడిగింది. లేదని పొమా అంది. మరచిపోతున్నారా అని మళ్ళీ అడిగింది. ఈ పిండం కోసం తాను తిండి మానేసిన రోజులున్నాయిగానీ మందు మానిన పూట లేదని పొమా కాస్త ఘాటుగానే చెప్పింది. ఇంకేమైనా వాడుతున్నారా అంటే లేదంది. అబద్ధం కాదు. మా ఇళ్ళలో ఎవరూ బుడ్డిని వాడకం కింద లెక్కవెయ్యరు. పళ్ళు తోముకోవడాన్ని ఎవరు చెబుతారు?

అప్పుడు డాక్టరమ్మ అమిస్సా నర్సును పక్కకు జరగమంది. ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉన్నారా అని మెల్లగా అడిగింది. ఉంది, మా అమ్మ అంది పొమా. పొద్దున్నే ఏం చేస్తుంది మీకు అంది డాక్టరమ్మ.

పొమా చెప్పింది. చెబుతూండగానే ఆమెకే అర్థమైంది. 

పిండాన్ని పోయిన శుక్రవారం గర్భంలో పెట్టారు. అంతకు కొన్ని రోజుల ముందునుంచే పూటపూటకూ ప్రొజెస్టెరాన్ మందు బిళ్ళ పెట్టుకోవాలి. ముందునుంచి పెట్టుకుంటే ఆమెకు ఒరుపు, మంట. అందుకని వెనకనుంచి పెట్టుకోమన్నారు. తెల్లవారుజామున పెట్టుకునేది. అది కరిగి నెత్తురులో కలవకముందే అమ్మ అల్లం నీళ్ళు ఎక్కించేది. నీళ్ళతోపాటు మందూ బయటికి పోయేది. సోమవారం నుంచి రోజూ ఇదే.

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "మా అమ్మ కూడా నాకు చేసేది. అడగాలని తట్టలేదు నాకు," అంది.

నాకు ఒళ్ళు మండింది. పిండాన్ని లోపల పెట్టేశారు గదా, ఇంక ఆ బిళ్ళతో ఏం పని అన్నాను. పెట్టడం వేరు, పట్టడం వేరు అందావిడ. చదువుకున్నవాళ్ళకి నాలాంటివాడికి చెప్పే ఓపిక ఉండదు. ఆవిడకి ఉంది. లేకపోతే తప్పు తనది కూడా అనుకుందో ఏమో.

గర్భసంచి లోపలి పొర నెలలో ఎక్కువ రోజులు జారుడుగానే ఉంటుందట. ఏ పిండం వచ్చినా జారిపోవలసిందే. ప్రొజెస్టెరాన్ అందిన కొన్నాళ్ళకు ఆ పొరలోని కణాలు తమ జన్యువుల్లో కొన్నిటిని నిద్రలేపుతాయి, కొన్నిటిని పడుకోబెడతాయి. జారుడు పూత పలచబడుతుంది. పట్టునిచ్చే అణువులు పైకి వస్తాయి. పిండం ఆ సమయానికి తన పెంకు చీల్చుకుని బయటపడి ఉండాలి. దొర్లుతూ వస్తుంది. దాని ఒంటి మీది అణువులు పొర మీద ఉన్న ఒక రకం చక్కెరను తగులుకుంటాయి. తగులుకుని వదిలేస్తాయి, మళ్ళీ తగులుకుంటాయి. అలా వేగం తగ్గి ఆగుతుంది. ఆగాక గట్టి పట్టు. ఆ తరవాత బయటి కణాలు పొరను కరిగించుకుంటూ, నెత్తురు నాళాలు తగిలేదాకా లోపలికి తవ్వుకుంటూ పోతాయి.

నాకు అందింది నా లెక్కలో అందింది. రెండు గేరు చక్రాలు ఒక వేగానికి వస్తేనే పళ్ళు కలుస్తాయి. రాకపోతే గీరుకుపోతాయి. ఎంత ఖరీదైన బండి అయినా అంతే.

ఆ వేళ కొద్ది రోజులే తెరిచి ఉంటుంది. పొమాకి అందరికన్నా ఆలస్యంగా తెరుచుకుంటుందని, పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించి ఈమధ్యనే కనుక్కున్నారు. ముందు పెట్టిన రెండు పిండాలూ మూసిన తలుపుకే కొట్టుకున్నాయన్నమాట. ఆ రెండూ ఆమె సొంత అండాలవి. ఆమెవి ఇంక పనికిరావన్నాక ఎవరో ఆడమనిషి ఇచ్చిన అండాల్ని, పొమా మొగుడు సెలోర్మ్ బీజంతో కలిపారు. వాటిలో మంచుపెట్టెలోంచి బతికి బయటపడింది ఒక్కటే. ఇదే. దీని వెనక ఇంకొకటి లేదు.

ఇంకో మాట కూడా చెప్పింది డాక్టరమ్మ. మామూలుగా గర్భానికి పిండంలో సగం పరాయిదే, తండ్రి వైపుది. ఈసారి రెండు సగాలూ పరాయివే. అయినా పిండం తన మీద ఒక గుర్తు చూపిస్తుందట, నన్ను చంపకండి అని. పొరలో ఉండే కాపలా కణాలు దాన్ని చూసి దాడి మానేసి, పైపెచ్చు నెత్తురు నాళాలు వెడల్పు చెయ్యడానికి సాయం పడతాయట. మా అంపొంసా మేనమామకన్నా వాటికే ఎక్కువ మర్యాద తెలుసు.

మరి పట్టిందా అని అడిగాను. తెలియదంది. పట్టేదైతే ఈపాటికి పట్టే ఉండాలి. పట్టినా హార్మోను చాలకపోతే పొర తనంతట తనే ఊడిపోతుంది, నెలసరి వచ్చినట్టే. ఇకనుంచి బిళ్ళలు వద్దని నూనెలో కలిపిన మందు సూది వేసింది. రోజూ వెయ్యాలి. వచ్చే బుధవారం రక్తం చూస్తే తేలుతుందంది.

దారిలో కెజేటియా సంత దగ్గర బళ్ళు ఆగిపోతే పొమా కిటికీలోంచి నీళ్ళ సంచులు అమ్మేవాళ్ళని చూస్తూ కూచుంది. ఇంటికొచ్చి ఆ బుడ్డి విసిరింది.

ఇదంతా నేను అమ్మకి చెప్పాను. నాకు వచ్చినట్టు చెప్పాను. అమ్మ ఇంకో అరటికాయ అందుకుంది.

"చేసింది మంచికే. ఒళ్ళు వేడి చేసిందంది."

"నేను అనలేదు," అంది పొమా.

"మొహం చూస్తే తెలీదా."

"ఎప్పుడూ వారానికోసారి కదమ్మా. ఈసారి రోజూ ఎందుకు?"

పక్కింటి పెరట్లో ఫుఫు ముద్ద కోసం ఉడికిన దుంపలు దంచుతున్న రోకలి ఆగిపోయింది. మా మాటలు వినడానికే ఆపారు. మా వాడలో రోకలి ఆగిందంటే ఎవరి కొంపో బయటపడుతోందని అర్థం.

"మందు ఎక్కడ పెట్టుకుంటున్నానో నీకు చెప్పాను," అంది పొమా. "ఆదివారం, వంటింట్లో. నువ్వు ఉల్లిపాయలు తరుగుతున్నావు."

"ఉల్లిపాయలు తరిగేటప్పుడు నాకేమీ వినబడదు."

"నువ్వు అడిగితేనే చెప్పాను."

అమ్మ కత్తి కింద పెట్టి చేతులు కొంగుకి తుడుచుకుంది. 

శనివారం సంగతి ఇక్కడ చెప్పాలి. అండం తనది కాదని పొమా అమ్మ ముందు ఒప్పుకున్నది ఆ రోజే. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రానికి అంపొంసా మేనమామకి కబురు పంపింది. వంశానికి పెద్ద ఆయనే. ఆయన వచ్చి, కుర్చీలో సర్దుకుని, గొంతు సవరించుకుని తేల్చేశాడు. నెత్తురు ఆడదానినుంచి వస్తుంది. మనది అసోనా వంశం, అసోనా ఆడదాని నెత్తురు లేని బిడ్డకి ఈ ఇంట్లో గదీ లేదు, రేపు చచ్చిపోతే మన శ్మశానంలో చోటూ లేదు. వంశంలో ఆడపిల్లలు కరువయ్యారా, చిన్నక్క మనవరాలిని అడిగితే అండం ఇవ్వదా అన్నాడు. ఇచ్చేవాళ్ళెవరో తెలియకూడదన్నది ఆస్పత్రి కట్టుబాటు అని పొమా చెప్పింది. అయితే ఆ ఆస్పత్రినే పెంచుకోమను అని, సూపులో మాంసం ముక్కలు ఏరుకుని తిని వెళ్ళాడు.

ఆయన పోయాక నాకు నిద్ర పట్టలేదంటే నా చెల్లెలి మీద జాలితో కాదు. అమ్మకి ఆడపిల్ల ఒక్కతే. పొమాకి పిల్లలు లేకపోతే మా కొమ్మ ఇక్కడితో ఆఖరు. ఈ ఇల్లు, నేను రేకు రేకూ మార్పించి, గోడ గోడా సున్నం కొట్టించిన ఇల్లు, మామకి చిన్నక్క అయిన మా పిన్ని సంతానానికి పోతుంది. నాకు కొడుకులు నలుగురు. వాళ్ళు వాళ్ళమ్మ వంశం, వాళ్ళమ్మ పుట్టింట్లోనే పెరిగారు. సాయంత్రాలు నాకు గిన్నెలో కూర తెస్తారు. ఈ గుమ్మంలో వాళ్ళు చుట్టాలు. మా వంశంలో మగవాడై పుట్టడమంటే ఇంటికి కాపలా ఉండడం, అంతకన్నా ఏమీ లేదు.

అందుకే ఆ పిండం పట్టాలని నేను కోరుకున్నంతగా ఎవరూ కోరుకోలేదు. దాని తల్లి తప్ప.

"సోమవారం," అంది పొమా. గొంతు హఠాత్తుగా తగ్గింది. "మందు సంగతి అడగడం తప్ప రెండు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. సోమవారం తెల్లారకముందే పొయ్యి వెలిగించావు. అల్లం దంచే చప్పుడుకి మెలకువొచ్చింది నాకు. పొమా, రా, నీళ్ళు కాగాయి అని పిలిచావు. కోపం పోయిందనుకున్నానమ్మా. అందుకే వచ్చి నీ ఒళ్ళో పడుకున్నాను."

అమ్మ చూపు గిన్నెలోకి దించుకుంది.

"నలభై మూడేళ్ళొచ్చి నీ మోకాళ్ళ మీద బోర్లా పడుకున్నాను. నా వీపు నిమిరావు. ఏ చేత్తో నిమిరావు?"

"నీకు పిచ్చెక్కింది," అంది అమ్మ. కానీ మెల్లగా అంది.

"తెలిసి చేశావా?"

"నిన్ను కన్నదాన్ని."

"అది కాదు నేనడిగింది."

"నేను చెప్పేది అదే. కన్నాను గనక నువ్వు నా నెత్తురు. అది నీ నెత్తురు కాదు. దాని కోసం నన్ను నిలదీస్తున్నావు, ఈ వయసులో, ఇరుగూ పొరుగూ వింటూండగా."

పొమా గోడ వదిలి ముందుకొచ్చింది. డాక్టరమ్మ తనకెప్పుడో చెప్పిన మాట చెప్పింది. పిండం పొరకు అంటుకోకముందే, గర్భంలో ఊరే ద్రవం తాగుతుంది. ఆ ద్రవంలో తల్లి కణాలు వదిలిన సన్నటి అణువులుంటాయి. పిండం వాటిని మింగుతుంది, అవి దాని జన్యువుల పని మారుస్తాయి, ఇది లెయ్యి, అది పడుకో అని. విత్తు ఎవరిదైనా మొదటి మాట చెప్పేది మోసే గర్భమే. అదే విత్తు ఇంకో గర్భంలో పడితే అచ్చంగా ఇదే బిడ్డ కాదు.

"నా కడుపులో నీళ్ళు తాగింది అమ్మా అది. నా కడుపు మాట వింది."

"మన ఏట్లో నీళ్ళు తాగినవాడల్లా అసోనా అవుతాడా? లెబనాన్ వాడు కూడా ముప్ఫై ఏళ్ళుగా తాగుతున్నాడు, బట్టలకొట్టు పెట్టుకుని."

గోడ అవతల ఎవరో కిసుక్కుమన్నారు. నాకూ నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే. మా అమ్మ నోటికి ఎదురు లేదు. జీవితమంతా ఆ నోటితోనే నెగ్గుకొచ్చింది.

అప్పుడు సెలోర్మ్ వచ్చాడు. పొమా మొగుడు. బళ్ళో లెక్కలు చెబుతాడు. చొక్కా చేతులకి సుద్ద ఇంకా అంటుకునే ఉంది. వోల్టా నది అవతలివాడు, ఎవె తెగ మనిషి. వాళ్ళలో బిడ్డ తండ్రిది. అమ్మకి ఆ పెళ్ళి మొదటినుంచీ గొంతులో ముల్లే. ఒకప్పుడైతే ఒక ఊరట చెప్పుకునేది. ఏం పుట్టినా తల్లి నెత్తురు గనక మనకే పుడుతుంది, వాళ్ళేం ఎత్తుకుపోతారు అని.

"వచ్చావా అల్లుడూ," అంది అమ్మ. "మీ వాళ్ళకేం, పండగ. మీ విత్తు మీకుంది. మధ్యలో నా కూతురి కడుపు సంచిలా వాడుకుంటున్నారు."

సెలోర్మ్ చేతిసంచి కింద పెట్టాడు. పొమా మొహం చూశాడు, పెరట్లో పడి ఉన్న బుడ్డిని చూశాడు. దారిలోనే ఫోనులో విషయం విన్నాడనుకుంటా. చాలాసేపు సుద్ద దులుపుకున్నాడు.

"మా అమ్మ కూడా అడిగింది అత్తయ్యగారూ, అండం ఎవరిదని. తెలియదన్నాను. మోసేదెవరు అంది. పొమా అన్నాను. అయితే పొమాని సరిగ్గా తిననివ్వు అంది. అంతే."

సముద్రం ఒడ్డున ఎక్కడో ఎండుచేపలు అమ్ముకునే ముసలావిడ, మా మేనమామ కుర్చీలో కూచుని తేల్చినదాన్ని నిలబడే తేల్చేసింది.

పొమా లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడు. వెంట నేనూ వెళ్ళాను. మంచం మీద బట్టలు పరిచి, వాటి మధ్య మందు సీసాలు పెట్టి చుట్టుకుంటోంది. బరువు ఎత్తకూడదని బీరువా మీది పెట్టె నేనే దించాను. దించాక తెలిసింది, ఆమె వెళ్ళడానికి సాయం చేస్తున్నానని.

నాకు తోచిందంతా చెప్పాను. మామని నేను ఒప్పిస్తానన్నాను. పుట్టాక మొహం చూస్తే అమ్మ కరిగిపోతుందన్నాను. నువ్వు పోతే ఈ ఇంటికి ఎవరు అన్నాను. ఆ ఆఖరి మాట అనకుండా ఉండవలసింది.

"నీకు నలుగురు కొడుకులున్నారు కదా అన్నయ్యా."

"వాళ్ళు వాళ్ళమ్మ వంశం. తెలిసి అడుగుతావేం?"

"వాళ్ళ జ్వరాలకి నువ్వు రాత్రుళ్ళు మేలుకున్నావు. వాళ్ళకి నీ నడక, నీ ముక్కు. నీ నెత్తురున్న పిల్లలకే ఈ గుమ్మం ఇప్పించలేకపోయావు." బట్టల మూట ముడి బిగించింది. "నా దానికి ఏం ఇప్పిస్తావు నువ్వు?"

నేను పెట్టె పట్టుకుని నిలబడ్డాను.

బయట అమ్మ అదే పీట మీద ఉంది. గిన్నెలో తొక్క తీసిన కాయలు నల్లబడుతున్నాయి. పొమా ఆమె ముందుకెళ్ళి ఆగింది. వంగి కాళ్ళకి మొక్కుతుందనుకున్నాను. వంగలేదు.

"నువ్వూ మామా చెప్పిందే నిజమనుకుందాం అమ్మా," అంది. "ఇందులో మన నెత్తురు లేదు. అసోనా కాదు. సరే. అయితే పట్టినా నీది కాదు. పోయినా నీది కాదు. పట్టిందని నువ్వు పేరు పెట్టడానికి రావద్దు. పోయిందని ఏడవడానికీ రావద్దు."

"ఆడదాని మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి," అంది అమ్మ. ఆ మాట అలవాటుగా వచ్చేసింది. వచ్చాక ఆమే ఉలిక్కిపడింది.

"మా అత్తగారింట్లో జరుగుతుంది. జరిగితే."

సెలోర్మ్ మూటా, నా చేతిలోని పెట్టే అందుకున్నాడు. అత్తగారికి తల వంచి నమస్కారం పెట్టాడు. వాడిలో నాకు నచ్చనిది ఆ మర్యాదే. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి, ఇద్దరం కాస్త తేలికపడేవాళ్ళం.

టాక్సీ ఎక్కేటప్పుడు పొమా తలుపు పట్టుకుని మెల్లగా, ముందు ఒక పక్కగా కూచుని, తరవాత కాళ్ళు లోపలికి తీసుకుంది. లోపల గాజు గ్లాసు ఏదో ఉన్నట్టు.

"బుధవారం ఫోన్ చెయ్యకు అన్నయ్యా," అంది. "ఏ సంగతీ మీకు చెప్పను. ఆస్పత్రిలోనూ చెప్పి ఉంచుతాను, అన్నయ్య వచ్చి అడిగినా చెప్పొద్దని."

"నాకు కూడానా?"

"నీకు చెబితే అమ్మకి చెప్పినట్టే."

టాక్సీ మలుపు తిరిగింది. పక్కింటి రోకలి మళ్ళీ మొదలైంది, ఇప్పుడు మరీ హుషారుగా.

నేను పెరట్లోకి వచ్చి నీళ్ళ పంపు కింద మొహం కడుక్కున్నాను. అమ్మ పీట మీదనుంచి లేచింది. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, గోడ పట్టుకుని నా దగ్గరదాకా నడిచి వచ్చింది. తువ్వాలు అందించింది. నేను తుడుచుకుంటున్నంతసేపూ అక్కడే ఉంది.

"బాఫో," అంది. "పట్టిందంటావా?"

నలభై తొమ్మిదేళ్ళుగా ఆ గొంతు వింటున్నాను. కడుపులో ఆకలి ఉంటే ఎలా పలుకుతుందో తెలుసు, అబద్ధం ఉంటే ఎలా పలుకుతుందో తెలుసు. ఆ క్షణం ఆమె ఏ జవాబు కోరుతోందో మాత్రం నాకు తెలియలేదు. తువ్వాలు మొహం మీదనుంచి తియ్యకుండా అలాగే నిలబడ్డాను.

"చెప్పరా," అంది అమ్మ.